విశ్వం బ్లాక్ హోల్ కడుపులో పుట్టిందా? లెక్క సరే, పందెం మాటేంటి?

సూర్యుణ్ణి నలువైపుల నుంచీ నొక్కి మూడు కిలోమీటర్ల వ్యాసార్థంలోకి కుక్కగలిగితే అది బ్లాక్ హోల్, అంటే కాంతి కూడా బయటికి రాలేని చోటు, అయిపోతుంది. భూమినైతే తొమ్మిది మిల్లీమీటర్లలోకి కుక్కాలి, అంటే పిల్లలాడుకునే గోలీ అంత. ఈ కొలతకి ష్వార్జ్‌షిల్డ్ వ్యాసార్థం అని పేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం తరఫున రష్యా వైపు యుద్ధరంగంలో ఉన్న శాస్త్రవేత్త కార్ల్ ష్వార్జ్‌షిల్డ్, ఐన్‌స్టయిన్ గురుత్వాకర్షణ సమీకరణాలు బయటికొచ్చిన కొద్ది వారాలకే, 1915 చివర్లో, వాటికి మొట్టమొదటి కచ్చితమైన పరిష్కారం కనుక్కుని ఐన్‌స్టయిన్‌కి ఉత్తరం రాశాడు. మరుసటి మే నెలలో జబ్బు చేసి చనిపోయాడు.

ఆ లెక్కలో ఓ మెలిక ఉంది. యూట్యూబ్‌లో, వాట్సాప్‌లో తిరిగే "మనమంతా బ్లాక్ హోల్ లోపలే ఉన్నామట" అనే కబురు చాలావరకు ఆ మెలిక నుంచి పుట్టిందే. బరువు పదింతలైతే వ్యాసార్థం కూడా పదింతలే అవుతుంది, కానీ వ్యాసార్థం పదింతలైతే లోపలి జాగా వెయ్యింతలవుతుంది. అంటే బ్లాక్ హోల్ పెద్దదయ్యేకొద్దీ సాంద్రత పడిపోతూ ఉంటుంది. 2019లో ఫోటో వచ్చిన ఎమ్87 బ్లాక్ హోల్ బరువు దాదాపు 650 కోట్ల సూర్యుళ్ళంత. ఆ బరువునంతా దాని హద్దు లోపలున్న జాగాకి సమానంగా పంచితే వచ్చే సాంద్రత మనం పీల్చే గాలి కంటే తక్కువ! బ్లాక్ హోల్ అనగానే చెంచాడు పదార్థం కొండంత బరువు అని ఊహించుకుంటాం గానీ, పెద్దవాటి విషయంలో అది నిజం కాదు.

సరే, ఇదే వరసలో పైకి పోదాం. మామూలు పదార్థం, కంటికి కనపడని డార్క్ మ్యాటర్, విస్తరణ వేగాన్ని పెంచే డార్క్ ఎనర్జీ అన్నీ కలిపినా విశ్వం సగటు సాంద్రత ఒక ఘనపు మీటరుకి ఐదు హైడ్రోజన్ పరమాణువులంత. ఎంత దూరంలో ఉన్న గెలాక్సీలు విశ్వ విస్తరణ వల్ల కాంతి వేగంతో దూరమవుతుంటాయో ఆ దూరాన్ని హబుల్ వ్యాసార్థం అంటారు, అది సుమారు 1,440 కోట్ల కాంతి సంవత్సరాలు. అంత పెద్ద గోళంలో ఈ పల్చటి పదార్థాన్ని నింపితే మొత్తం బరువు ఎంతవుతుంది? 46 పక్కన 21 సున్నాలు పెడితే వచ్చేన్ని సూర్యుళ్ళంత. సూర్యుడికి 2.95 కిలోమీటర్ల చొప్పున గుణిస్తే 136 పక్కన 21 సున్నాల కిలోమీటర్లు. దీన్ని కాంతి సంవత్సరానికి 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లతో భాగించండి. 1,440 కోట్ల కాంతి సంవత్సరాలు! మొదలుపెట్టిన చోటికే వచ్చాం. అంటే హబుల్ గోళం సైజూ, దానిలోని బరువుకి బ్లాక్ హోల్ కావడానికి కావాల్సిన సైజూ ఒక్కటే.

మొదటిసారి ఈ లెక్క చేసినవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది, అందులో తప్పేం లేదు. 1972లో భారతీయ భౌతిక శాస్త్రవేత్త రాజ్ కుమార్ పాత్రియా ఈ విషయం మీదే, విశ్వాన్నే ఒక బ్లాక్ హోల్‌గా చూడవచ్చా అంటూ, నేచర్ పత్రికలో ఒక చిన్న పేపర్ వేశాడు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివినవాళ్ళకి ఆ పేరు స్టాటిస్టికల్ మెకానిక్స్ పుస్తకం అట్ట మీద కనిపించి ఉంటుంది, ఆయనే ఈయన.

అయితే చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. ఆ రెండు సంఖ్యలూ కలవడం వింత కాదు, కలవకపోతేనే వింత. విశ్వం జ్యామితి చదునుగా, అంటే వంపు లేకుండా ఉంటే, విస్తరణ వేగం చెప్పగానే సాంద్రత ఎంత ఉండాలో విశ్వ విస్తరణని లెక్కగట్టే ఫ్రీడ్‌మన్ సమీకరణమే చెప్పేస్తుంది. ఆ సాంద్రతని పట్టుకెళ్ళి ష్వార్జ్‌షిల్డ్ సూత్రంలో పెడితే అన్నీ కొట్టివేతలకి పోయి చివరికి హబుల్ వ్యాసార్థమే మిగులుతుంది. జేబులోంచి తీసిన రూపాయినే మళ్ళీ జేబులో వేసుకుని లెక్క సరిపోయిందని సంబరపడ్డట్టు. ఈ లెక్క తేల్చేది విశ్వం దాదాపు చదునుగా ఉందని మాత్రమే, ఆ సంగతి వేరే కొలతల్లో ఎలాగూ తెలుసు. పైగా హబుల్ వ్యాసార్థం బదులు మనకి కనిపించే విశ్వం మొత్తాన్ని, అంటే దాదాపు 4,650 కోట్ల కాంతి సంవత్సరాల వ్యాసార్థాన్ని తీసుకుంటే జవాబు 48,500 కోట్ల దగ్గరికి పోతుంది, పదింతల తేడా. అప్పుడు "అచ్చం సరిపోయింది" అనే మాటే ఉండదు. వీడియోల్లో ఈ రెండో లెక్క చెప్పేవాళ్ళు తక్కువ, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకోటి. ష్వార్జ్‌షిల్డ్ లెక్కకి ఒక షరతుంది: బరువంతా ఒకచోట ఉండాలి, చుట్టూ ఖాళీ ఉండాలి. విశ్వానికి చుట్టూ ఖాళీ ఉన్నట్టు ఎవరూ చూడలేదు, ఎంత దూరం చూసినా గెలాక్సీలే. బయట అనేది లేనప్పుడు లోపల అనే మాటకి అర్థం ఉండాలంటే, ముందు ఆ బయటని ఎవరో ఒకరు సిద్ధాంతంలో కట్టి చూపించాలి.

ఇక అసలు చిక్కు కాలం దిశలో ఉంది. తెలుగులో కృష్ణబిలం అనే పేరు పెట్టుకున్నాం, వినడానికి బాగుంది గానీ బిలం అనగానే పాము పుట్టలాంటిదేదో, దానికో అడుగు, ఆ అడుగున అంతా నలిగిపోయే బిందువు, ఇలా బొమ్మ గీసుకుంటాం. సాపేక్ష సిద్ధాంతం చెప్పేది ఇది కాదు. తిరగని బ్లాక్ హోల్ హద్దు దాటాక కేంద్రం వైపు దిశ అనేది కాలంలా మారిపోతుంది. ఆ నలిగిపోవడాన్ని సింగ్యులారిటీ అంటారు. అది "అక్కడ" ఉన్న చోటు కాదు, "రేపు" లాంటి ఒక క్షణం, ఎటు తిరిగి పరిగెత్తినా రేపటిని తప్పించుకోలేనట్టే దాన్నీ తప్పించుకోలేం. బిగ్ బ్యాంగ్ దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ సింగ్యులారిటీ నిన్నటి వైపు ఉంది, అందరి గతంలోనూ ఉంది. కాబట్టి మన విశ్వం దేనినైనా పోలి ఉందంటే బ్లాక్ హోల్ సినిమాని వెనక్కి తిప్పితే వచ్చే దాన్ని, అంటే వైట్ హోల్‌ని పోలి ఉంది. దాంట్లోకి ఏదీ పోలేదు, బయటికి రావడమే. సమీకరణాల్లో దానికి చోటుంది, ఆకాశంలో మాత్రం ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.

ఈ సినిమా వెనక్కి తిప్పే పనిని మొదట పద్ధతిగా చేసింది స్టీఫెన్ హాకింగ్. నక్షత్రం కూలిపోతే సింగ్యులారిటీ తప్పదని 1965లో రోజర్ పెన్రోజ్ నిరూపిస్తే, అదే వాదాన్ని కాలంలో తిరగేసి విశ్వం మొదలుకి వర్తింపజేశాడు హాకింగ్, అప్పటికింకా పీహెచ్‌డీ విద్యార్థి. ఇద్దరూ కలిసి 1970లో దాన్ని పూర్తి సిద్ధాంతంగా రాశారు. ఆ రెండు నిరూపణలకీ వెన్నెముక కోల్‌కతా నుంచి వచ్చింది. అమల్ కుమార్ రాయ్‌చౌధురి అక్కడి ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో పనిచేస్తూ, లోహాల మీద పని చెయ్యమంటే అదీ చేస్తూ, మిగిలిన టైమ్‌లో సాపేక్ష సిద్ధాంతం మీద రాసుకున్న సమీకరణం 1955లో అచ్చయింది. అది చెప్పేది మామూలు మాటల్లో ఇంతే: శూన్యంలో గుప్పెడు ఇసుక రేణువులు వదిలితే గురుత్వాకర్షణ వాటిని దగ్గరికే లాగుతుంది, దూరం చెయ్యదు, కొంతసేపటికి వాటి దారులు ఒకచోట కలిసి తీరాలి. తప్పించుకోవాలంటే రెండే మార్గాలు, ఆ గుంపు సుడి తిరుగుతూ ఉండాలి, లేదా వికర్షించే గుణమున్న ఏదో ఒకటి మధ్యలో అడ్డుపడాలి.

బ్లాక్ హోల్ లోపల కొత్త విశ్వం పుడుతుందనే సిద్ధాంతాలన్నీ ఈ తాళానికి మారు తాళంచెవి చేసే ప్రయత్నాలే. నలిగిపోవడం చివరిదాకా వెళ్ళకుండా ఎక్కడో ఆగి, బంతిలా ఎగిరి, ఎగిరాక బయటికి రాలేక లోపలే కొత్త జాగాగా విస్తరించాలి, బయటి నుంచి చూసేవాడికి మాత్రం నల్ల బంతి అలాగే కనిపించాలి. భౌతిక శాస్త్రవేత్త నికోడెమ్ పొప్లావ్‌స్కీ 2010 నుంచి చెబుతున్నది సుడి మార్గం. కణాలకి సహజంగా ఉండే స్పిన్ వల్ల స్థలకాలం మెలి తిరుగుతుందని, విపరీతమైన సాంద్రత దగ్గర ఆ మెలి వికర్షణలా పనిచేస్తుందని ఆయన వాదం. అభయ్ అష్టేకర్ బృందం 2006లో లూప్ క్వాంటమ్ గ్రావిటీతో (గురుత్వాకర్షణని క్వాంటమ్ సిద్ధాంతంతో కలిపే ఒక ప్రయత్నం) చేసిన లెక్కలో స్థలానికే అంతకన్నా నలగని చిన్న ముక్కలుంటాయి, అక్కడికి చేరాక విశ్వం ఎగిరి పడుతుంది. పోర్ట్స్‌మత్ యూనివర్సిటీకి చెందిన ఎన్రికే గజ్తనాగా, సహచరులూ 2025లో వేసిన పేపర్‌లో ఆ పనికి పౌలీ వర్జన సూత్రాన్ని వాడుకున్నారు, ఒకే స్థితిలో రెండు ఫెర్మియాన్లు (ఎలక్ట్రాన్, న్యూట్రాన్ లాంటి కణాలు) ఇమడవు అనే ఆ పాత సూత్రమే. ఖగోళ శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ కథ తెలిసినవాళ్ళకి ఇక్కడ అనుమానం రావాలి. సూర్యుడికి 1.4 రెట్లు దాటిన తెల్ల మరుగుజ్జుని, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రాన్ని, ఆ సూత్రం కాపాడలేదని తేల్చిందే ఆయన కదా, మరి అక్కడ ఓడిపోయింది ఇక్కడ ఎలా గెలుస్తుంది? వాళ్ళ జవాబు ఏమిటంటే ఓడిపోయింది నక్షత్రం స్థాయిలో, కూలడం ఇంకా లోపలికి వెళ్ళాక సాంద్రతకి ఒక గరిష్ఠ హద్దు వస్తుంది, అక్కడ ఒత్తిడి రుణాత్మకం అవుతుంది, ఆ రుణాత్మక ఒత్తిడే ఎగరగొడుతుంది అని. వినడానికి బాగానే ఉంది. కాకపోతే ఆ సాంద్రతల దగ్గర పదార్థం ఎలా నడుచుకుంటుందో ఏ ప్రయోగశాలలోనూ చూసినవాళ్ళు లేరు.

మరి వీటిలో దేన్ని పట్టించుకోవాలి? గణితం ఎంత అందంగా ఉంది అనే దానికంటే, ఫలానాది కనబడితే నేను ఓడినట్టే అని ముందే చెప్పి పందెం కాసిందా లేదా అన్నదే పనికొచ్చే కొలబద్ద. చాలావాటికి ఆ ధైర్యం ఉండదు. గోడ మీద పిల్లిలా కూర్చుంటాయి, ఏ ఫలితం వచ్చినా అటో ఇటో దూకడానికి సిద్ధంగా.

ఈ లెక్కన భౌతిక శాస్త్రవేత్త లీ స్మోలిన్ గౌరవించదగ్గ మనిషి, ఆయన సిద్ధాంతం బహుశా తప్పే అయినా సరే. 1992లో ఆయన ప్రతిపాదించింది ఇది: ప్రతి బ్లాక్ హోల్ లోపలా ఒక పిల్ల విశ్వం పుడుతుంది, పుట్టేటప్పుడు భౌతిక స్థిరాంకాలు (కణాల బరువులు, బలాల తీవ్రత లాంటి ప్రకృతి అంకెలు) తల్లి విశ్వంలో ఉన్నవాటికి చాలా దగ్గరగా, కాస్త అటూఇటూగా మారతాయి. ఎక్కువ బ్లాక్ హోల్స్ చేసే విశ్వానికి ఎక్కువ పిల్లలు. తరాలు గడిచేకొద్దీ బ్లాక్ హోల్స్ దండిగా పండించే విశ్వాలే మందలో నిండిపోతాయి, డార్విన్ చెప్పినట్టే. మనం అలాంటి దాంట్లోనే ఉండి ఉంటాం కాబట్టి, మన స్థిరాంకాల్లో దేన్ని కొంచెం కదిపినా బ్లాక్ హోల్స్ సంఖ్య తగ్గాలి. కార్బన్, ఆక్సిజన్ ఇంత విరివిగా ఎందుకున్నాయంటే అవి వాయు మేఘాలని చల్లబరిచి పెద్ద నక్షత్రాలు పుట్టడానికి సాయపడతాయి, ఆ పెద్ద నక్షత్రాలే చివరికి బ్లాక్ హోల్స్ అవుతాయి. మనుషులూ, మామిడిచెట్లూ ఆ కార్బన్ మిగులులో తయారైన సరుకు. మన కోసం విశ్వం అనుకునేవాళ్ళకి ఈ మాట అంతగా రుచించదు.

పందెం ఎక్కడంటే న్యూట్రాన్ నక్షత్రాల దగ్గర, అంటే పెద్ద నక్షత్రం పేలాక బ్లాక్ హోల్ కాకుండా మిగిలే దట్టమైన గోళాల దగ్గర. న్యూట్రాన్ నక్షత్రం ఎంత తక్కువ బరువుకే కూలిపోతే అన్ని ఎక్కువ బ్లాక్ హోల్స్. కాబట్టి ఆ గరిష్ఠ బరువు తక్కువగా ఉండేలా స్థిరాంకాలు అమరి ఉండాలి, 1.6 సూర్యుళ్ళ దగ్గర ఆగాలి అన్నాడు స్మోలిన్. అచ్చులో, పేరు పెట్టి, అంకెతో సహా. ఆ తర్వాత 2010లో జె1614-2230 అనే పల్సర్ (తిరుగుతూ రేడియో టిక్కులు పంపే న్యూట్రాన్ నక్షత్రం) బరువు తూచారు. అది సెకనుకి 317 సార్లు తిరుగుతుంది, ఒక్కో చుట్టుకి ఒక రేడియో టిక్కు. పక్కనే తెల్ల మరుగుజ్జు ఒకటి జతగా ఉంది, 8.7 రోజులకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. తెల్ల మరుగుజ్జు అడ్డం వచ్చినప్పుడల్లా దాని గురుత్వాకర్షణలో ఒంగిన దారి గుండా రావాల్సి వచ్చి ఆ టిక్కులు కొన్ని పదుల మైక్రోసెకన్లు ఆలస్యంగా భూమికి చేరతాయి. ఆ ఆలస్యాన్ని బట్టి మరుగుజ్జు బరువు, దాన్ని బట్టి పల్సర్ బరువు తేలాయి: అప్పటి లెక్కకి 1.97 సూర్యుళ్ళు. తర్వాత జె0740+6620 అనే ఇంకో పల్సర్ 2.08 దగ్గర తేలింది. స్మోలిన్ మధ్యలో హద్దుని 2 దాకా జరిపాడు, అది కొంచెం పిల్లి పనే, కానీ ఆ 2 కూడా ఇప్పుడు పగిలినట్టే ఉంది. ఆకాశంలో ఇరవై కిలోమీటర్ల చిల్లర వ్యాసం ఉన్న ఒక బంతిని తూచి, విశ్వాల వంశవృక్షం గురించిన ఊహని తప్పు పట్టగలగడం మామూలు విషయం కాదు. ఇవాళ్టి ఊహాగానాల్లో ఆ స్థాయి నిజాయితీ దొరకడం కష్టం.

పెన్రోజ్ ది ఇంకో దారి. ఆయన లెక్కలో కొత్త విశ్వం బ్లాక్ హోల్ లోపల కాదు, బ్లాక్ హోల్స్ అన్నీ పోయాక పుడుతుంది. హాకింగ్ 1974లో చెప్పినట్టు బ్లాక్ హోల్స్ ఆవిరైపోవాలి, కానీ సూర్యుడంత బరువున్న దాని వేడి 0.00000006 కెల్విన్ మాత్రమే, చుట్టూ ఆకాశం 2.7 కెల్విన్ దగ్గర ఉంది. అంటే ప్రస్తుతానికి అది ఆవిరవడం మాని ఇంకా మేస్తోంది. ఆకాశం అంతకన్నా చల్లబడ్డాక మొదలుపెడితే ఆరిపోవడానికి 1 పక్కన 67 సున్నాలన్ని సంవత్సరాలు. అంతా అయ్యాక మిగిలేది కాంతే, కాంతికి గడియారం లేదు, గడియారం లేనిచోట పెద్దదీ చిన్నదీ అనే తేడా కూడా లేదు, కాబట్టి ఆ చల్లటి చివరే ఇంకో విశ్వానికి వేడి మొదలు అని ఆయన అంటాడు. ఎలక్ట్రాన్లు కూడా ఎప్పటికో బరువు కోల్పోతేనే ఇది కుదురుతుంది, అలా కోల్పోతాయనడానికి ఆధారం లేదు. పందెం మాత్రం ఆయనా కాశాడు. 2010లో వహే గుర్జాద్యాన్‌తో కలిసి, పాత విశ్వంలో బ్లాక్ హోల్స్ ఢీకొన్న గుర్తులు బిగ్ బ్యాంగ్ నుంచి మిగిలి మన ఆకాశమంతా నిండిన మైక్రోవేవ్ వెలుగులో వలయాలుగా ఉన్నాయన్నాడు. మూడు వేర్వేరు బృందాలు మామూలు బిగ్ బ్యాంగ్ సిమ్యులేషన్లలో వెతికితే వాటిలోనూ అలాంటి వలయాలే దొరికాయి. 2018లో వేరే సహచరులతో, వలయాలు కాకపోతే వెచ్చని చుక్కలు అన్నాడు. 2020లో ఇంకొందరు ఆ లెక్క మళ్ళీ వేస్తే అది కాకతాళీయం కంటే పెద్దగా ఏమీ కనపడలేదు. 2020లోనే ఆయనకి నోబెల్ వచ్చింది, ఈ చక్రాల సిద్ధాంతానికి కాదు, 1965 నాటి బ్లాక్ హోల్ పనికి. వార్తల్లో ఈ రెండింటికీ ముడిపెట్టినవాళ్ళు లేకపోలేదు.

ఇక ఈ మధ్య గోల. 2025 మార్చిలో, జేమ్స్ వెబ్ టెలిస్కోప్ తీసిన ఒక లోతైన చిత్రంలో 263 గెలాక్సీలు ఎటు తిరుగుతున్నాయో కంప్యూటర్ శాస్త్రవేత్త లియోర్ షమీర్ లెక్కపెడితే అరవై శాతం ఒక వైపు, మిగతావి ఇంకో వైపు అని తేలింది. సగం సగం ఉండాలి కదా! వెంటనే "మనం బ్లాక్ హోల్‌లో ఉన్నామని వెబ్ తేల్చేసింది" అని హెడ్డింగులు. ముడి ఎలా వేశారంటే, తల్లి విశ్వంలో తిరుగుతున్న బ్లాక్ హోల్ లోపల పుడితే మనకీ ఆ తిరుగుడు సంక్రమిస్తుంది అని పొప్లావ్‌స్కీ తరహా వాదం. షమీర్ పేపర్‌లోనే రెండో వివరణ కూడా ఉంది: మనమున్న పాలపుంత తిరుగుడు వల్ల, దానికి ఎదురు తిరిగే గెలాక్సీలు కాస్త ప్రకాశంగా కనబడి లెక్కలోకి ఎక్కువగా చేరి ఉండొచ్చు. హెడ్డింగు రాసినవాళ్ళకి ఆ పేజీ దాకా ఓపిక ఉండకపోవచ్చు.

గెలాక్సీల తిరుగుడు లెక్కపెట్టడం చూసినంత సులువు కాదు. 2007లో గెలాక్సీ జూ అనే ప్రాజెక్టు మొదలైంది, నెట్‌లో మామూలు జనం కూర్చుని లక్షల ఫోటోలు చూసి ఇది సవ్యం, ఇది అపసవ్యం అని నొక్కడం. ఫలితాల్లో అపసవ్యంగా తిరిగేవి ఎక్కువ వచ్చాయి. నడిపేవాళ్ళు కంగారుపడి విశ్వానికో అక్షం దొరికిందని ప్రకటించలేదు, ఒక చిన్న పని చేశారు: కొన్ని ఫోటోలని అద్దంలో బొమ్మలా తిరగేసి మళ్ళీ అదే జనానికి చూపించారు. తేడా ఆకాశంలో ఉంటే ఇప్పుడు సవ్యం వైపు మొగ్గాలి. మళ్ళీ అపసవ్యమే ఎక్కువ వచ్చింది. మొగ్గు గెలాక్సీలది కాదు, చూసే కళ్ళది. షమీర్ వాడింది కంప్యూటర్ ప్రోగ్రామ్, కళ్ళ గొడవ దానికి లేదు, కానీ 263 అనేది చాలా చిన్న లెక్క, ఒక చిన్న ఆకాశపు ముక్క.

ఊపిరితో ఉన్న పందెం ప్రస్తుతానికి గజ్తనాగా వాళ్ళది. వాళ్ళ విశ్వం ఒక పరిమితమైన మేఘం కూలి ఎగిరితే వచ్చింది కాబట్టి పూర్తి చదునుగా ఉండకూడదు, బంతి ఉపరితలం తరహాలో, చాలా కొద్దిగా, లోపలికి మూసుకున్న వంపు ఉండాలి. ఆ మైక్రోవేవ్ వెలుగుని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం 2018 ఫలితాలు, గెలాక్సీలు ఎలా పరుచుకున్నాయో చెప్పే కొలతలు కలిపి చూస్తే ఆ వంపు సున్నాకి అటూఇటూ 0.002 లోపలే ఉంది, అంటే చదును అనడానికే మొగ్గు, కొంచెం వంపుకి ఇంకా సందు. 2023 జులైలో పైకెళ్ళిన యూక్లిడ్ టెలిస్కోప్ ఆకాశంలో మూడో వంతు పైగా తిరిగి గెలాక్సీల మ్యాప్ గీస్తోంది, వంపు కొలత అలాంటి మ్యాపులతోనే ఇంకా బిగుసుకోవాలి. అది గుర్రపు జీను లాంటి తెరుచుకున్న వంపు వైపు తేలితే ఈ బ్లాక్ హోల్ విశ్వాన్నీ స్మోలిన్ 1.6 సరసన, ఓడిన పందేల్లో చేర్చాల్సిందే.